వార్డు మెట్టు
(సంఘం వార్షిక మహాసభలో చదివిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడి పంతుళ్ళము. మా తెలుగులో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి. "ఉర్దూలో మాట్లాడితే మన పిల్లలకే అర్థం కాదు సార్, తెలుగులోనే చెప్పండి" అని కార్యదర్శి గారు అన్నప్పుడు మా మనసు చివుక్కుమన్నది. ఆ బాధ ఇంకొకనాడు చెప్పుకొందాము. ఈరోజు మాకిచ్చిన విషయము "మునిసిపల్ ఎన్నికలు - మన బాధ్యత". ఈ విషయం మీద ఉపన్యాసాలు మీరు చాలా విన్నారు. అందుకని ఉపన్యాసం బదులు ఒక మనిషి కథ చెప్తాము. ఆ కథకు ముందు మన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మన వార్డులో కిందటిసారి జరిగిన ఎన్నిక మీకందరికీ జ్ఞాపకమే. మనవాళ్ళే ముగ్గురు నిలబడినారు. ముగ్గురూ ఓడినారు. ఆ రాత్రి మసీదు ముందర చబుత్రా మీద కూర్చొని మనము ఏమన్నాము? "ముగ్గురూ కాక ఒక్కడే నిలబడి ఉంటే గెలిచేవాడు" అన్నాము. "మనలో ఇత్తెహాద్ లేదు" అని తిట్టుకొన్నాము. ఇంటికి వెళ్ళి మేము కాగితం మీద లెక్క వేసి చూసినాము. లెక్కల పంతులం కాకపోయినా కూడిక వచ్చును గదా! ముగ్గురి ఓట్లు కలిపినా గెలిచినవాని ఓట్లకు తక్కువే వచ్చినవి. అంటే మనమందరము ఒక్కటై నిలబడినా ఆ వార్డు మనకు వచ్చేది కాదు. పక్క వీధివాళ్ళు, వెనుక బస్తీవాళ్ళు కూడా కొంతమంది వేస్తేనే వచ్చేది. ఆ వీధికి మన ముగ్గురిలో ఎవరైనా వెళ్ళినారా? మాకు తెలిసి వెళ్ళలేదు. ఈ మాట ఇన్నాళ్ళు చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇవాళ చెప్తున్నాము.

ఇక కథ. లండన్ నగర మేయరు సాదిక్ ఖాన్ గారి పేరు మీలో చాలామంది విన్నారు. మన మతస్థుడు అంత పెద్ద పట్టణానికి పెద్ద అయినాడని గొప్పలు చెప్పుకోవడానికి ఆయన పేరు ఎత్తడం లేదు. గొప్పలు చెప్పుకొంటే మన మోరీ శుభ్రపడదు. ఆయన ఎక్కిన మెట్లు ఏవి, మొదటి మెట్టు ఎక్కడున్నది అన్నది చూడాలని మా ఉద్దేశము. మూడుసార్లు వార్డు కౌన్సిలరు, మూడుసార్లు పార్లమెంటు సభ్యుడు, మూడుసార్లు మేయరు. మొత్తం తొమ్మిది ఎన్నికలు. ప్రజల ముందు నిలబడిన ఈ తొమ్మిదింటిలో ఒక్కటీ ఓడలేదు.

వారి తాతముత్తాతలు మన హిందుస్థానం వాళ్ళే. 1947 విభజనలో పాకిస్తానుకు వెళ్ళినారు. తల్లిదండ్రులు అక్కడినుంచి 1960 దశకం చివర లండన్ చేరినారు. ఈయన 1970 అక్టోబరు 8న దక్షిణ లండన్‌లోని టూటింగ్‌లో పుట్టినారు. ఎనిమిది మంది సంతానంలో ఐదవవాడు. తండ్రి అమానుల్లా ఖాన్ గారు సిటీ బస్సు డ్రైవరు. పాతికేళ్ళకు పైగా బస్సు నడిపినారు. తల్లి ఇంట్లో కుట్టుపని చేసినారు. మునిసిపాలిటీ వారు తక్కువ అద్దెకిచ్చే క్వార్టరులో కాపురము. ఇందులో మనకు తెలియనిది ఏమున్నది చెప్పండి? ఆర్టీసీ డ్రైవర్ల ఇళ్ళు, మిషను మీద బట్టలు కుట్టి పిల్లల ఫీజు కట్టే తల్లులు మన గల్లీలో ఎంతమంది లేరు!

చదివింది సర్కారు బడిలోనే, ఎర్నెస్ట్ బెవిన్ స్కూలులో. ఆ బడికి ప్రధానోపాధ్యాయులు నాజ్ బుఖారీ గారు. బ్రిటన్‌లో హైస్కూలుకు హెడ్మాస్టరైన మొదటి ముస్లిముగా వారిని చెప్పుకొంటారు. ఒంటి రంగు, పుట్టిన ఇల్లు మనిషి ఎదుగుదలకు అడ్డు కాదని తాను ఆయన దగ్గరే నేర్చుకొన్నానని సాదిక్ ఖాన్ గారు చెప్పినారు. పిల్లవాడు పళ్ళ డాక్టరు కావాలని సైన్సు చదువుతుంటే, ఒక ఉపాధ్యాయుడు "నువ్వు ఎప్పుడూ వాదిస్తూనే ఉంటావు, లా చదువు" అన్నాడట. ఆ ఒక్క మాటతో దారి మారింది. లా చదివి, మానవ హక్కుల కేసులు వాదించే న్యాయవాది అయినారు.

ఇక్కడ మేము మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. ఏది చెప్పినా "ఎందుకు సార్?" అనేవాడు. సిలబస్ పూర్తి కాదేమోనన్న తొందరలో వాణ్ణి ఎన్నోసార్లు తరగతి బయట నిలబెట్టినాము. తొమ్మిదో తరగతిలో బడి మానేసినాడు. ఇప్పుడు పంక్చర్ల దుకాణంలో ఉన్నాడు. మొన్న మా స్కూటరుకు గాలి పట్టి డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "మీ దగ్గర ఎట్లా తీసుకొంటాను సార్" అన్నాడు. వాదించే పిల్లవానికి ఒక పంతులు లా చదువు అని చెప్పినాడు, ఇంకొక పంతులు బయట నిలబడు అన్నాడు. ఆ రెండో పంతులు మేమే.

సరే, 1994 సంవత్సరము. సాదిక్ ఖాన్ గారికి 23 ఏళ్ళు. లండన్ నగరంలో 32 బరోలు ఉన్నవి. ఒక్కొక్క బరోకు ఒక్కొక్క కౌన్సిలు. మన మునిసిపాలిటీలో వార్డులున్నట్లే అక్కడా వార్డులు, నాలుగేళ్ళకొకసారి ఎన్నికలు. వాండ్స్‌వర్త్ అనే బరోలో, తాను పుట్టి పెరిగిన టూటింగ్ వార్డు నుంచి లేబర్ పార్టీ తరఫున కౌన్సిలరుగా నిలబడి గెలిచినారు. చెత్త ఎత్తడం, క్వార్టర్ల మరమ్మతు, వీధులు, పార్కులు, గ్రంథాలయాలు, బడులు, దిక్కులేని ముసలివారి బాగోగులు అక్కడి కౌన్సిలు చూసే పనులు. పేరు గొప్ప కాదు, పని గొప్ప.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. ఆ వాండ్స్‌వర్త్ కౌన్సిలు 1978 నుంచి 2022 దాకా నలభై నాలుగేళ్ళు కన్సర్వేటివ్ పార్టీ చేతిలోనే ఉన్నది. అంటే ఈయన కౌన్సిలరుగా ఉన్న 1994 నుంచి 2006 దాకా పన్నెండేళ్ళలో ఒక్కరోజు కూడా అధికార పక్షంలో కూర్చోలేదు. ప్రతిపక్షం బెంచీయే. తీర్మానం పెడితే వీగిపోతుంది. చేతులెత్తి లెక్కపెడితే ఎప్పుడూ తక్కువే. అయినా 1998లో మళ్ళీ నిలబడి గెలిచినారు, 2002లో మళ్ళీ గెలిచినారు. తమ పక్షానికి ఉపనాయకుడుగా కూడా పనిచేసినారు. మన దగ్గర ఏమంటారు? "పార్టీ అధికారంలో లేదు, మేమేం చేయగలము" అంటారు. గెలిచిన నెలకే కండువా మార్చేవారినీ చూస్తున్నాము. అధికారం లేకుండా పన్నెండేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చొని వీధివాళ్ళ అర్జీలు పట్టుకొని తిరగడము సామాన్యమైన సబర్ కాదు. తరువాతి ఎన్నికలన్నిటికీ పునాది అక్కడే పడిందని మా నమ్మకము.

2005లో టూటింగ్ నుంచి పార్లమెంటుకు నిలబడి 5,381 ఓట్ల మెజారిటీతో గెలిచినారు. గెలిచిన రెండు నెలలకే, జూలై 7న, లండన్ రైళ్ళలో, బస్సులో బాంబులు పేలి 52 మంది అమాయకులు చనిపోయినారు. పేల్చినవారు తాము ముస్లిములమని చెప్పుకొన్నవారు. అటువంటి సమయంలో కొత్తగా వచ్చిన ముస్లిం సభ్యుని పరిస్థితి ఊహించండి. ఆ నవంబరులో, అనుమానితులను విచారణ లేకుండా 90 రోజులు నిర్బంధించడానికి ఆయన సొంత ప్రభుత్వమే చట్టం తెచ్చింది. ఆయన సొంత పార్టీకి ఎదురుగా ఓటు వేసినారు. 322 ఓట్లు వ్యతిరేకంగా, 291 అనుకూలంగా వచ్చి ఆ ప్రతిపాదన వీగిపోయింది. హింసనూ ఖండించాలి, అన్యాయమైన చట్టాన్నీ కాదనాలి. రెండూ ఒక్క నోటితో చెప్పడము కష్టము. ఆయన చెప్పినారు.

2009లో రవాణా శాఖ మంత్రి అయినారు. బ్రిటన్ క్యాబినెట్ సమావేశాల్లో కూర్చున్న మొదటి ముస్లిం మంత్రి ఆయనే. ప్రివీ కౌన్సిలు సభ్యుడుగా ప్రమాణం చేయవలసి వచ్చినప్పుడు ఏ బైబిలు కావాలని రాజప్రాసాదం వారు అడిగితే, ఖురాన్ మీద చేస్తానన్నారట. అక్కడ ఖురాన్ ప్రతి లేదట. తన ప్రతి తాను తీసుకొని వెళ్ళి ప్రమాణం చేసి, తరువాత వచ్చేవారికి పనికివస్తుందని అక్కడే వదిలి వచ్చినారట. ఎవరితోనూ తగాదా పడలేదు, లేదని అలిగి వెనక్కి రాలేదు.

2010లో మెజారిటీ 2,524కు పడిపోయింది. 2015లో 2,842. అంటే కాలు జారితే పడిపోయే అంచు మీద నిలబడి గెలిచినారు. ఆ తరువాత 2016లో లండన్ మేయరు ఎన్నిక వచ్చింది.

ఆ ఎన్నిక పద్ధతి మనది కాదు, కాబట్టి వివరంగా చెప్తాము. అప్పట్లో ఓటు కాగితం మీద రెండు వరుసలు ఉండేవి. మొదటి వరుసలో "నాకు ఈయన కావాలి" అని గుర్తు పెట్టాలి. రెండో వరుసలో "ఈయన కాకపోతే ఆయన ఫరవాలేదు" అని పెట్టాలి. ఎవరికీ సగానికి మించి రాకపోతే, మొదటి ఇద్దరిని ఉంచి మిగిలినవారిని తీసివేసి, తీసివేసినవారికి వేసిన ఓటర్ల రెండో గుర్తులు ఈ ఇద్దరిలో ఎవరికి పడినవో లెక్కపెట్టేవారు.

2016లో సాదిక్ ఖాన్ గారికి మొదటి గుర్తుగా వచ్చినవి 11,48,716 ఓట్లు, నూటికి 44. పెద్ద సంఖ్యే, కాని సగం కాలేదు. రెండో గుర్తులుగా ఇంకొక 1,61,427 వచ్చినవి. మొత్తం 13,10,143 అయి, నూటికి 56కు పైగా చేరి గెలిచినారు. ప్రత్యర్థి జాక్ గోల్డ్‌స్మిత్ గారికి రెండూ కలిపి 9,94,614.

2011 జనాభా లెక్కల ప్రకారము లండన్‌లో ముస్లిములు నూటికి పన్నెండు మంది చిల్లర. ఓటు వేసినవారిలోనూ అదే పాలు అనుకొంటే, ఆ పన్నెండు మందీ ఒక్కరు తప్పకుండా ఆయనకే వేసినా గెలుపు ఎక్కడో దూరంగా ఉన్నది. ఆయనను గెలిపించినవారు క్రైస్తవులు, హిందువులు, సిక్కులు, యూదులు, ఏ మతమూ లేదనేవారు. అందులో లక్షన్నరకు పైగా జనము "నా మొదటి మనిషివి నువ్వు కాదు, అయినా నిన్ను నమ్ముతాను" అన్నవారు. సోదరులారా, మన మనిషి మనకు నచ్చడం వింత కాదు. పక్కింటివాడు మనల్ని రెండోవాడుగానైనా ఒప్పుకొన్నాడా లేదా అన్నది అసలు పరీక్ష. మన ముగ్గురు అభ్యర్థులూ తప్పింది ఆ పరీక్షలోనే.

ఆ ఎన్నికలో ప్రత్యర్థి పక్షం వారు ఆయనను తీవ్రవాదులతో ముడిపెట్టి ప్రచారం చేసినారు. ఆ పక్షంలోనివారే కొందరు అది తప్పని తరువాత బహిరంగంగా అన్నారు. దానికి జవాబుగా ఆయన "చూశారా, ముస్లిమునని నన్ను అవమానిస్తున్నారు, ముస్లిములంతా ఏకం కండి" అని పిలుపునివ్వలేదు. ఇళ్ళ అద్దెలు, బస్సు చార్జీలు, గాలి కాలుష్యం గురించి మాట్లాడినారు. గెలిచిన తరువాత పదవీ స్వీకారం సౌత్‌వర్క్ కెథడ్రల్‌లో, అంటే ఒక క్రైస్తవ ప్రార్థనా మందిరంలో, అన్ని మతాలవారి మధ్య చేసినారు. మర్నాడు వెళ్ళిన మొదటి అధికారిక కార్యక్రమము, హిట్లరు చంపించిన యూదుల సంస్మరణ సభ. మాటల్లో కాక నడకలో చూపించిన జవాబు అది.

మేయరుగా ఏమి చేసినారంటే, పేదవారికి తెలిసే రెండు పనులు చెప్తాము. 2016 సెప్టెంబరు నుంచి, ఒక బస్సు ఎక్కిన గంటలోపు ఇంకొక బస్సు మారితే మళ్ళీ చార్జీ లేకుండా చేసినారు. బస్సు డ్రైవరు కొడుక్కు ఆ ఆలోచన రావడము సహజమే. 2023 సెప్టెంబరు నుంచి లండన్ సర్కారు ప్రాథమిక బడుల్లో పిల్లలందరికీ ఉచిత భోజనం పెట్టించినారు. మధ్యాహ్న భోజనం గంట కోసం పిల్లలు ఎట్లా ఎదురుచూస్తారో మా పంతుళ్ళకు తెలుసు. అందుకే ఈ పని మాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచింది.

అయితే అందరూ మెచ్చుకొన్నారని అనుకోవద్దు. కత్తిపోట్ల నేరాల విషయంలో ఆయన మీద విమర్శలున్నవి. పొగ ఎక్కువ వదిలే పాత వాహనాల మీద రుసుమును 2023 ఆగస్టులో నగరమంతటికీ విస్తరిస్తే చాలామందికి కోపం వచ్చింది. 2013లో స్వలింగ వివాహాల చట్టానికి పార్లమెంటులో అనుకూలంగా ఓటు వేసినందుకు మనవాళ్ళలోనే చాలామంది కాదన్నారు, చంపుతామని బెదిరింపులు కూడా వచ్చినవి. ఆ ఓటుతో ఈ సభలో ఉన్నవారు ఎక్కువమంది ఏకీభవించరని మాకు తెలుసు. ఏకీభవించమని మేము అడగడం లేదు. నచ్చని మాట మీద అభిప్రాయం చెప్పే హక్కు మనకున్నది. బెదిరించే హక్కు మాత్రం దీన్‌లోనూ లేదు, చట్టంలోనూ లేదు.

2020లో జరగవలసిన ఎన్నిక కోవిడ్ వల్ల 2021కి వాయిదా పడింది. అప్పుడు కూడా రెండో గుర్తులతో కలిపి 12,06,034 ఓట్లతో గెలిచినారు. 2022 చట్టంతో రెండో గుర్తు పద్ధతి తీసివేసినారు. ఎక్కువ ఎవరికి వస్తే వారే అన్న మన పద్ధతే అక్కడా వచ్చింది. ఇక ఓడిపోతాడని కొందరు అనుకొన్నారు. 2024 మేలో 10,88,225 ఓట్లతో, రెండవ స్థానంలో ఉన్న సూసన్ హాల్ గారి మీద రెండు లక్షల డెబ్బైయైదు వేలకు పైగా మెజారిటీతో మూడోసారి గెలిచినారు. అంతకు ముందు లండన్‌కు మూడుసార్లు మేయరుగా ఎన్నికైనవారు లేరు. పద్ధతి మారినా, పక్కింటివారి నమ్మకం ఒకసారి సంపాదించినవానికి అది చెడలేదు.

మనకూ లండన్‌కూ ఏమిటి సంబంధం అంటారేమో. మనవాళ్ళ పిల్లలు, మేనల్లుళ్ళు అక్కడ చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళినవారున్నారు. భారత పౌరులుగా ఉంటూనే, కామన్వెల్తు దేశం వారు గనుక, అక్కడ నివసిస్తే ఓటరుగా చేరి ఓటు వేయవచ్చును. వారికి ఫోను చేసినప్పుడు ఈ మాట చెప్పండి. పరాయి ఊరిలో కూడా ఓటు ఇస్తున్నప్పుడు, సొంత ఊరిలో మనము ఏమి చేస్తున్నాము?

ఎన్నికల డ్యూటీకి మా పంతుళ్ళను ప్రతిసారీ వేస్తారు. బూతులో కూర్చొని జాబితా చూడడం, వేలికి సిరా పెట్టడం మా పని. ఒకసారి ఒక ముసలమ్మ, దాదీ అనవలసిన మనిషి, కర్ర పట్టుకొని వరుసలో గంటసేపు నిలబడి వచ్చింది. జాబితాలో పేరు లేదు. ఇల్లు మారినప్పుడు పాతచోట తీసివేసినారు, కొత్తచోట చేర్పించేవారు ఎవరూ లేరు. "బేటా, బాగా చూడు, ఉంటుంది" అన్నది. మూడుసార్లు చూసినాము. లేదు. ఆమె కొడుకులు ముగ్గురూ ఆ రోజు బయట పార్టీ టెంటు కింద చాయ్ తాగుతున్నారు. అమ్మ పేరు చేర్పించే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు.

అందుచేత సంఘం ముందు మూడు మనవులు పెడుతున్నాము.

ఒకటి. మునిసిపల్ జాబితాను అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తయారు చేస్తారు. కనుక ఎన్నికలు ప్రకటించిన తరువాత పరుగెత్తితే లాభం లేదు. పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6, ఇల్లు మారినవారికి, పేరు తప్పు పడినవారికి ఫారం 8 ఇప్పుడే నింపించాలి. నింపి పెట్టడానికి మా బడి పంతుళ్ళము శుక్రవారం నమాజు తరువాత సంఘం ఆఫీసులో కూర్చొంటాము. మన ఇళ్ళే కాదు, పక్క వీధివారు వచ్చినా నింపుతాము.

రెండు. 74వ రాజ్యాంగ సవరణ వచ్చిన తరువాత మునిసిపాలిటీల్లో మూడోవంతుకు తక్కువ కాకుండా సీట్లు ఆడవారివి. మన దగ్గర అటువంటి సీటు వస్తే పేరు ఆమెది, పెత్తనం ఆయనది అవుతున్నది. చదువుకొన్న ఆడపిల్లలు పరదా అవతల చాలామంది ఉన్నారు. వారికి ఇప్పటినుంచే మునిసిపల్ పనులు తెలియనివ్వండి.

మూడు. మన సంఘం ఏటా మార్కులు వచ్చిన పిల్లలకు బహుమతులు ఇస్తున్నది. చాలా సంతోషము. దానితో పాటు, ఎదురు ప్రశ్న వేసే పిల్లలను కూడా ఒక కంట కనిపెట్టండి.

ఈ మూడో మాట ఎందుకంటున్నామో చెప్పి ముగిస్తాము. బడి ముందర మోరీ పొంగి పిల్లలు ఇటుకల మీద నడిచి వస్తుంటే, మన సంఘం అర్జీ రాసి సంతకాలు పెట్టి పంపింది. అంతటితో మరచిపోయింది. ఒకరోజు మునిసిపాలిటీ మనుషులు వచ్చి మోరీ తవ్వి పూడిక తీసినారు. ఎవరు చెప్పినారని మేస్త్రీని అడిగినాము. "పంక్చర్ల షాపు పిల్లాడండీ. నాలుగుసార్లు ఆఫీసుకు వచ్చినాడు. ఎందుకు కాదు, ఎందుకు కాదు అని ప్రాణం తీసినాడు" అన్నాడు. అర్జీ మీద మన వీధి సంతకాలే ఉన్నవి. ఆ పిల్లవాడు మాత్రం పక్క వీధివాళ్ళ సంతకాలు కూడా పెట్టించుకొని వెళ్ళినాడట.

వాడిని ఈ సభకు పిలవమని కార్యదర్శి గారికి చెప్పినాము. చివరి వరుసలో కూర్చొని ఉన్నాడు. మేము బయట నిలబెట్టినవాణ్ణి మీరందరూ లోపలికి పిలుచుకోవాలని మా కోరిక.